బొమ్మల హాస్యం, బీప్ శబ్దం: ఇంటి తెరపై కోతలను చదవడం

గత భాగంలో థియేటర్ సినిమాకు ధ్రువీకరణ పత్రం ఎలా వస్తుందో తెలుసుకున్నారు. ఇప్పుడు అదే ప్రశ్నను ఇంటికి తీసుకువద్దాం. టీవీలో ఒకసారి వచ్చిపోయిన హాస్య ధారావాహిక ఆ తరువాత డిస్కుగానో, ఫోన్‌లో ఫైలుగానో, స్ట్రీమింగ్ ద్వారానో ఇంటికి చేరుతుంది. అప్పుడు అందులోని తిట్లు, బూతులు ఏమవుతాయి? ఉన్నవి ఉన్నట్టే వస్తాయా, బీప్‌తో వస్తాయా, అసలు మాటే మారిపోయి వస్తుందా? యానిమేషన్ హాస్యాన్ని ఉదాహరణగా తీసుకోవడానికి కారణముంది. బొమ్మలంటే పిల్లలవే అనే నమ్మకం మన ఇళ్లలో చాలా బలమైనది. కత్తెర ఎక్కువగా ఆడేది కూడా ఆ నమ్మకం ఉన్నచోటే.

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూనో, పోటీ పరీక్షలకు సిద్ధమవుతూనో ఈ కోర్సు చదువుతున్నారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండేవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. ఆ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగానే ఎల్.బి.నగర్ వచ్చేస్తుంది. ఆ కాసేపట్లోనే పక్క సీటులోని వ్యక్తి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లో ఏదో బొమ్మల కామెడీ చూస్తూ తనలో తాను నవ్వుకుంటూ ఉంటాడు. అతను వింటున్న మాట మీకు వినిపించదు. అతను ఉన్నది బహిరంగ స్థలమా, ఇల్లా? 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ఆలోచించింది బహిరంగ ప్రదర్శన గురించి. నలుగురూ ఒక హాలులో కూర్చుని ఒకే మాట వింటారన్నది దాని ఊహ. మెట్రో బోగీలో నలుగురు కూర్చుని నాలుగు వేర్వేరు మాటలు వింటున్నారు. ఇక ఎల్.బి.నగర్‌లో దిగి ఇంటికి వెళ్తే అక్కడ హాల్లో టీవీ ఉంటుంది, దాని ముందు నానమ్మ నుంచి ఎల్‌కేజీ పిల్ల వరకు అందరూ ఉంటారు. అలా చూస్తే చెవుల్లో ఇయర్‌ఫోన్లున్న ఆ బోగీయే ఏకాంతం, ఇంటి హాలే బహిరంగ ప్రదేశం. ఇంటి వీడియోలోని కోతల గురించి మాట్లాడేటప్పుడు ఈ తలకిందుల సంగతిని గుర్తుంచుకోండి.

ముందు బీప్ ఏం చేస్తుందో చూద్దాం. మాటను దాచడమే దాని పని అనుకుంటాం. వినేవారి వైపు నుంచి చూస్తే, ఇక్కడ ఒక మాట ఉంది సుమా అని చాటేదీ అదే. 2017లో వచ్చిన 'అర్జున్ రెడ్డి'లో శబ్దం ఆగిన చోట్ల మన థియేటర్లలో కుర్రకారు ఆ ఖాళీలను తామే గట్టిగా పూరించడం మీలో కొందరు విని ఉంటారు. సెన్సారు ఒక్క గొంతును ఆపితే వంద గొంతులు అందుకున్నాయి.

అమెరికాలో 1997లో మొదలైన 'సౌత్ పార్క్' అనే యానిమేషన్ కామెడీ ఈ గుణాన్ని బాగా వాడుకుంది. నలుగురు చిన్నపిల్లలు ముఖ్య పాత్రలు. కాగితం ముక్కలు కత్తిరించి అతికించినట్టుండే బొమ్మలు. మాటలు మాత్రం పెద్దల కోసం రాసినవి. టీవీలో ఆ మాటల మీద బీప్ పడేది. 2001లో ప్రసారమైన ఒక భాగంలో మలానికి వాడే నాటు మాటను పాత్రలు 162 సార్లు పలుకుతాయి. బీప్ లేదు. ఎన్నిసార్లు పలికారో తెర మూలన అంకెలు తిరుగుతూ ఉంటాయి. మొదటి పదిసార్లు నవ్వొస్తుంది, యాభై దాటాక విసుగొస్తుంది, చివరికి ఆ మాటకు ఉప్పూకారం పోతాయి. రచయితలు చూపదలచుకున్నదీ అదే: నిషేధం తీసేస్తే తిట్టుకు పదును పోతుంది. దీన్ని ఉపన్యాసంగా చెబితే ఎవరూ వినరు. లెక్కపెట్టి వినిపించారు కాబట్టి తెలిసింది.

ఈ ధారావాహిక తొలి సీజన్లు డీవీడీగా ఇళ్లకు వచ్చినప్పుడు కూడా టీవీలోని బీప్‌లు అలాగే ఉన్నాయి. బీప్ లేని మాటలు డిస్కుల్లోకి రావడం తరువాతి సీజన్లతో మొదలైంది. 'ఫ్యామిలీ గై' వంటి మరో బొమ్మల కామెడీకి టీవీలో వినిపించని మాటలు డీవీడీలో ఉండటమే ఒక ఆకర్షణ. 2002లో ఆగిపోయిన ఆ ధారావాహిక 2005లో తిరిగి మొదలవడానికి డీవీడీల అమ్మకాలు కూడా ఒక కారణం. అంటే టీవీ కోత డిస్కుకు ఉచిత ప్రచారమైంది. సెన్సారుకూ వ్యాపారానికీ ఎప్పుడూ పడదని అనుకోనక్కరలేదు. కోసినదాన్ని కోయకుండా మళ్లీ అమ్ముకోవచ్చు.

అయితే ఒక కోత డిస్కులో కూడా పూడలేదు. 2010 ఏప్రిల్‌లో 'సౌత్ పార్క్' 201వ భాగం వచ్చింది. బెదిరింపుల నేపథ్యంలో ఛానల్ తనంతట తానే అదనపు బీప్‌లు వేసింది. చివర ఒక పిల్లవాడు నీతి చెప్పే ప్రసంగం మొత్తం బీప్ కింద పోయింది. ఆ ప్రసంగం బెదిరింపు గురించి, భయం గురించి అని రచయితలు తరువాత ప్రకటించారు. బూతుకు కేటాయించిన శబ్దాన్ని బూతు లేని మాట మీద వేశారు. ఆ సీజన్ డిస్కులో కూడా ఆ ప్రసంగం వినిపించదు. ఇక్కడ విద్యార్థిగా మీరు గమనించవలసింది ఒకటుంది. బీప్ కింద ఏముందో మనకు తెలియదు, దాన్ని వేసినవారి మాట నమ్మవలసిందే. తిట్టును ఆపడానికి ఒప్పుకున్న పరికరం రేపు అభిప్రాయాన్ని ఆపినా చెవికి తేడా తెలియదు.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. మీలో పాతికేళ్లు దాటినవారికి 'షిన్‌చాన్' పరిచయం అవసరం లేదు. యోషితో ఉసుయి అనే చిత్రకారుడు 1990లో ఒక వారపత్రికలో మొదలుపెట్టిన బొమ్మల కథ అది. ఆ పత్రిక పిల్లలది కాదు, వయోజనులది. 1992లో జపాన్ టీవీకి ఎక్కింది. అక్కడి తల్లిదండ్రుల సంఘాలు తమ పిల్లలు చూడకూడదనుకునే కార్యక్రమాల జాబితాలో దాన్ని ఏళ్ల తరబడి చేరుస్తూనే వచ్చాయి. మన దేశంలో 2006లో హంగామా టీవీలో, హిందీతోపాటు తమిళ, తెలుగు మాటలతో మొదలైంది. ఫిర్యాదులు వచ్చాయి. 2008లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ అభ్యంతరంతో ఆగింది. ఆ తరువాత కోతలతో తిరిగి వచ్చింది.

అదే 2006లో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. అక్కడ ఆ బొమ్మలనే తీసుకుని రాత్రివేళ పెద్దల కార్యక్రమాలు వేసే విభాగంలో ప్రసారం చేశారు. మాటలను మూలం కంటే ఘాటుగా తిరగరాశారు. అమెరికా రాజకీయాల మీద విసుర్లు, పడకగది హాస్యం చేర్చి, ఆ రూపాన్నే డీవీడీలుగా అమ్మారు. ఒకే ఏడాది, ఒకే బొమ్మ. ఒక దేశంలో మరింత పెద్దవాడయ్యాడు, మరో దేశంలో మరింత చిన్నపిల్లవాడయ్యాడు. రెండూ మూలానికి దూరమే. అమెరికా రూపాన్ని స్వేచ్ఛ అనీ మన రూపాన్ని అణచివేత అనీ రాసేస్తే విమర్శ అయిపోదు. రెండుచోట్లా ప్రేక్షకుడు ఎవరో ముందే నిర్ణయించుకుని మాటను దానికి తగ్గట్టు కుట్టారు.

ఇంతకూ మూలంలో ఏముంది? టోక్యో శివారు కసుకాబె. ఆఫీసు నుంచి అలసి వచ్చి బీరు తాగే తండ్రి. దశాబ్దాలు తీర్చాల్సిన ఇంటి అప్పు. డిస్కౌంటు అమ్మకాల వెంట పరుగెత్తే తల్లి. ఎదుటివారు దాచుకున్నది దాచుకున్నట్టు బయటపెట్టే అయిదేళ్ల పిల్లవాడు. ఎల్.బి.నగర్ దాటి వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు ఫ్లాటు కొనుక్కుని ఈఎంఐ కడుతూ రోజూ నగరంలోకి వెళ్లి వచ్చే కుటుంబానికి ఇందులో తెలియనిది ఏముంది? షిన్‌చాన్ మొరటుతనం ఈ మధ్యతరగతి మర్యాదకు పట్టిన అద్దం. తండ్రి పరాయి స్త్రీని చూసిన చూపును పిల్లవాడు అనుకరిస్తే ఇబ్బంది పడవలసింది తండ్రి. ఆ అనుకరణను కోసేస్తే తండ్రి తప్పించుకుంటాడు, పిల్లవాడు ఉత్త అల్లరివాడుగా మిగులుతాడు. పిల్లలను కాపాడడానికి వేసిన కోత ఈ కథలో పెద్దలను కాపాడింది. నా దృష్టిలో ఈ కోతతో ఎక్కువ నష్టపోయింది ఆ వ్యంగ్యమే.

అలాగని ఫిర్యాదు చేసిన తల్లులను వెక్కిరించడం సులభమే కాని న్యాయం కాదు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన పిల్ల అన్నం తింటూ చూసే ఛానల్‌లో ఈ బొమ్మ వచ్చింది. ఆ పిల్లకు వ్యంగ్యం అందదు, ప్యాంటు కిందకు లాగడం అందుతుంది. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనలు (1994), ఆరవ నిబంధనలో ఈ సంగతి ఉంది. పిల్లల కోసం ఉద్దేశించిన కార్యక్రమాల్లో చెడ్డ మాటలు ఉండకుండా జాగ్రత్త పడాలని, పిల్లలకు తగని కార్యక్రమాలను పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వేయకూడదని అది చెబుతుంది. ఇందులో రెండు వేర్వేరు మందులున్నాయి: ఒకటి మాటను మార్చడం, రెండోది వేళను మార్చడం. షిన్‌చాన్ విషయంలో రెండో మందు వాడి ఉంటే మొదటిది అవసరమయ్యేది కాదేమో. బొమ్మ కాబట్టి పిల్లలదే అనుకోవడంతో ఆ దారి ఎవరికీ కనిపించలేదు. వయోజనుల పత్రికలో పుట్టినదాన్ని పిల్లల ఛానల్‌లో పెట్టి, ఆ తరువాత అది పిల్లలకు తగినట్టు లేదని కోశారు.

డిస్కుల సంగతి వేరు. కాపీరైట్ చట్టానికి 1984లో చేర్చిన 52-ఏ సెక్షన్ ప్రకారం, ధ్రువీకరణ అవసరమైన సినిమాను వీడియోగా అమ్మితే ఆ సెన్సారు పత్రం నకలు తెర మీదా, క్యాసెట్ పెట్టె మీదా కనిపించాలి. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీలను 28 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టినప్పుడు అట్టల మీద ఆ వివరాలు మీరు చూసే ఉంటారు. పక్కనే ఫుట్‌పాత్ మీద పరిచిన డిస్కుల్లో అట్ట ఉండేది, పత్రం ఉండేది కాదు. ఆ తరువాత సెల్‌ఫోన్ దుకాణంలో మెమరీ కార్డు ఇస్తే పాటలు, క్లిప్పులు నింపి ఇచ్చే రోజులు వచ్చాయి. పిల్లల బొమ్మలకు ఎవరో తెలుగులో బూతులు అతికించిన క్లిప్పులు ఆ కార్డుల్లోనే తిరిగాయి. ఎక్కువమందిని నవ్వించినవి అవేనని ఒప్పుకోవాలి. పిల్లి, ఎలుక నోట పచ్చి తెలంగాణ తిట్టు వినగానే నవ్వు వస్తుంది. కారణం తిట్టు ఒక్కటే కాదు. కార్టూన్లలో అప్పటిదాకా వినిపించిన తెలుగు ఎవరి ఇంట్లోనూ వినిపించని పుస్తకాల తెలుగు. మన వీధి మాట బొమ్మ నోట వినిపించడం అదే మొదటిసారి కావడం ఆ నవ్వులో సగం. పాపం, ఆ మాటకు దొరికిన తొలి అవకాశం బూతే అయింది.

ఇక మన భాషలో అసలు బూతు ఏది? బీప్ ఎక్కడ పడుతుందో గమనించండి. శరీర భాగాల పేర్ల మీద, లైంగిక చర్య మీద, తల్లిని ఉద్దేశించిన తిట్ల మీద పడుతుంది. మిగిలినవి హాయిగా సాగిపోతాయి. 'ముండ' అనే మాటను తీసుకోండి. దాని మూలార్థం తల గొరిగించిన స్త్రీ, అంటే వితంతువు. భర్త పోవడం ఒక స్త్రీకి తిట్టుగా మారిన చరిత్ర అందులో ఉంది. 'చండాలం' ఒక కులం పేరు. కూర బాగాలేకపోయినా, గది శుభ్రంగా లేకపోయినా మనం ఆ మాట వాడేస్తాం. 'గుడ్డి', 'నత్తి', 'కుంటి' అనేవి హాస్య సంభాషణల్లో ఎంత తరచుగా వస్తాయో మీకు తెలుసు. వీటి మీద బీప్ పడగా మీరు ఎప్పుడైనా విన్నారా? హైదరాబాదులో స్నేహితులు ప్రేమగా అనుకునే 'బాడకవ్' అర్థం విప్పితే ఆడవారి సంపాదన మీద బతికేవాడని వస్తుంది. తెలుగు చెవికి ఆ అర్థం తట్టదు కాబట్టి అది సాగిపోతుంది.

మన సినిమా ధ్రువీకరణకు కేంద్రం 1991లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అశ్లీలతతోపాటు స్త్రీలను కించపరచే దృశ్యాలు, సమూహాలను అవమానించే మాటలు కూడా కూడదని ఉంది. కాగితం మీద రెండూ సమానమే. చెవికి మాత్రం మొదటిదే వినిపిస్తుంది. బీప్ కాపాడేది నలుగురిలో మనకు కలిగే ఇబ్బందినుంచి. ఎవరిని ఉద్దేశించి మాట పడిందో ఆ మనిషి గౌరవం దాని లెక్కలో చాలావరకు లేదు. సుప్రీంకోర్టు 1996లో 'బండిట్ క్వీన్' కేసులో, వీధుల్లో రోజూ వినిపించే తిట్లను సినిమాలో విన్నంతమాత్రాన వయోజనులెవరూ వాటిని అలవాటు చేసుకోరనే భావం చెప్పింది. వయోజనుల విషయంలో ఆ మాట సబబే. నానమ్మ నోట మొదలై, కార్టూన్ మీదుగా, పిల్ల నోటికి చేరే 'గుడ్డిదానా' సంగతి దాని పరిధిలోకి రాదు.

ఈ అలవాటు బీప్‌తో రాలేదు. ముద్రిత తెలుగులో దాని పూర్వరూపం చుక్కలు. పాత కావ్యాలను అచ్చు వేసేటప్పుడు కూడని మాట వచ్చినచోట అక్షరాలకు బదులు చుక్కలు పెట్టేవారు. ముద్దుపళని రాసిన 'రాధికాసాంత్వనము' 1887లో అచ్చయినప్పుడు కొన్ని పద్యాలే లేకుండా పోయాయి. బెంగళూరు నాగరత్నమ్మ తాళపత్ర ప్రతితో సరిచూసి, పోయినవాటిని చేర్చి, 1910లో పూర్తి గ్రంథాన్ని వావిళ్ల వారి ద్వారా ప్రచురించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వంలో ఆ నిషేధం తొలగింది. నాగరత్నమ్మ లేవనెత్తిన ప్రశ్న ఇప్పటికీ పనికొస్తుంది. ఇంతకంటే పచ్చి శృంగారం రాసిన పురుష కవులను వదిలి ఒక స్త్రీ రాసినదాన్నే ఎందుకు పట్టుకున్నారు? ఏ మాట అన్నదాని కంటే ఎవరి నోటి మాట అన్నది ఎంత ముఖ్యమో ఆమె అప్పుడే చూపించారు.

ఎవరి నోట అనే ఈ ప్రశ్న ఇటీవల మరోసారి వచ్చింది. 2023 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో 'రానా నాయుడు' విడుదలైంది. అది యానిమేషన్ కాదు గాని తెలుగు ఇళ్లలో బూతు మీద ఇంత చర్చ రేపిన ఇంటితెర రచన ఈమధ్య మరొకటి లేదు. ప్రధానంగా హిందీలో తీసి తెలుగు మాటలు చేర్చారు. కుటుంబ కథల నాయకుడిగా మూడు దశాబ్దాలు చూసిన వెంకటేశ్ నోట ఆ మాటలు విని చాలామంది ఉలిక్కిపడ్డారు. 2021 నాటి సమాచార సాంకేతిక నిబంధనల ప్రకారం స్ట్రీమింగ్ సంస్థలే వయసు వర్గీకరణ వేసుకోవాలి. అంటే కార్యక్రమం మీద వయోజనులకు మాత్రమే అనే గుర్తు ఉంటుంది. ఆ గుర్తును చూసి కూడా ఇంటిల్లిపాదీ కూర్చున్నారంటే నటుడి పేరే అసలు ధ్రువీకరణ పత్రంగా పనిచేసిందన్నమాట. బొమ్మ కనిపిస్తే పిల్లలదనుకున్నట్టే, వెంకటేశ్ కనిపిస్తే కుటుంబానిదనుకున్నాం. హిందీలో విని ఊరుకున్న తిట్టునే తెలుగులో వినలేకపోయినవారూ ఉన్నారు. పరాయి భాష తిట్టుకు అర్థం మాత్రమే ఉంటుంది. మన భాష తిట్టుకు ఊరు, గొంతు, దాన్ని మొదటిసారి విన్న రోజు కూడా ఉంటాయి. అనువాదకుడు పదాన్ని తూచి పదం పెట్టినా బరువు సరిపోకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు మీ అభ్యాసం. మీకు తెలుగు మాటలతో దొరికే బొమ్మల హాస్య భాగం ఒకటి ఎంచుకోండి. మొదటిసారి తెలుగులో వినండి. రెండోసారి హిందీలోనో ఇంగ్లీషులోనో వినండి. పాత్ర పెదవులు కదులుతూ మాట మాత్రం తేలిపోయిన చోట్లను కాగితం మీద రాసుకోండి. అక్కడ మాట మారి ఉండవచ్చు. డిస్కో, మరో భాషలోని ప్రతో ఉంటే మూలంతో పోల్చగలరు, లేకపోతే మీ జ్ఞాపకంతో పోల్చుకోవాలి. ఆ తరువాత అదే భాగంలో బీప్ పడకుండా సాగిపోయిన తిట్లను మరో కాగితం మీద రాయండి. ఒక్కొక్క తిట్టు పక్కనా అది ఎవరికి తగులుతుందో, వీలైతే ఆ మనిషి మీ ఇంట్లోనో, హాస్టల్ గదిలోనో, మీ బస్తీలోనో ఉన్నారో లేదో రాయండి. సుమారు మూడు పేజీల వ్యాసానికి ఈ రెండు కాగితాలు చాలు. తిట్టును వ్యాసంలో ఎలా రాయాలని సంపర్క తరగతుల్లో విద్యార్థులు ఏటా అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయవచ్చు, మొదటి అక్షరం రాసి వదిలేయవచ్చు, చుక్కలూ పెట్టవచ్చు. ఏది చేసినా ఎందుకు చేశారో ఒక వాక్యం రాయండి. ఈ పాఠంలో కొన్ని మాటలు పూర్తిగా రాశాను, కొన్నింటిని వర్ణించి వదిలేశాను. రాసినవి బీప్ పడనివి, వదిలినవి పడేవి. అంటే బీప్ వేసేవారి గీతనే నేనూ పాటించాను. అది సరైనదో కాదో కూడా మీ వ్యాసంలో చర్చించవచ్చు.